కారు కింద కవర్ ఊడింది, తప్పు నా డ్రైవింగ్‌దేనా?

బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం, దాంతోపాటు ఆరు ఫొటోలు పంపారు. పేరు రాయవద్దన్నారు. వాళ్లది నాలుగేళ్ల కిందట కొన్న 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పోయిన నెల మదనపల్లెలో పెళ్లి చూసుకుని, ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో తిరిగి వస్తున్నారు. స్టీరింగ్ ఆవిడ చేతిలో ఉంది. చింతామణి దాటాక ఒక హంప్ దిగుతుంటే కింద బర్రున గీరుకుంది. ఆపి చూస్తే ఇంజిన్ కింది నల్ల ప్లాస్టిక్ కవర్ ముందు వైపు ఊడి రోడ్డు మీదికి వేలాడుతోంది. సామానుకు కట్టిన నైలాన్ తాడు విప్పి, దాంతోనే కవర్‌ను పైకి కట్టి, మెల్లగా ఇల్లు చేరారు. ఆ తాడు ఇంకా అలాగే ఉంది.

సర్వీస్ సెంటర్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్ ఇది: ఇంజిన్ అండర్ కవర్ 4,600, ఎడమ ముందు చక్రం పైనున్న లైనింగ్ 2,300, బండి అడుగున రెండు పక్కల ఉండే కవర్లు 5,800, క్లిప్పులు 700, కూలి 1,800. మొత్తం 15,200 రూపాయలు. వీధి చివర మెకానిక్ మాత్రం, "తీసి పారేయండి మేడం, పాత బండ్లకు ఇవన్నీ ఉన్నాయా?" అన్నాడు. మరిది గారు స్టీల్ ప్లేటు వేయిద్దామంటున్నారు. ఇన్సూరెన్స్‌లో పెట్టమని ఇంకెవరో అన్నారు. "వీటన్నిటికంటే నన్ను బాధ పెడుతున్నది ఒకటుంది. హంప్ చూసుకోకుండా ఎక్కించావని మావారు ఆ రోజు నుంచీ అంటూనే ఉన్నారు. నేను మెల్లగానే ఎక్కించాను. ఇప్పుడు తాళం చేతికి తీసుకోవాలంటేనే భయంగా ఉంది" అని రాశారు. ఏం చేయాలని అడుగుతున్నారు.

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ తాడు సంగతి చూద్దాం. దాన్ని ఈ రోజే విప్పించండి. ఇంజిన్ నుంచి ముందు చక్రాలకు తిరుగుడు అందించే షాఫ్టులు ఆ కవర్‌కు కొంచెం పైనే ఉంటాయి. వదులైన తాడు కొస ఒక్కసారి షాఫ్టుకు చుట్టుకుంటే చాలు, షాఫ్టు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరుగుతుంది, పక్కనున్న వైర్లను లాగేస్తుంది. సైలెన్సర్ పైపు దగ్గరైతే నైలాన్ కరిగి ఎక్కడో దారిలో తెగిపోతుంది. ఇంటికి చేరడానికి కట్టడం సరైన పనే. నెల రోజులు ఉంచే కట్టు మాత్రం కాదు.

రెండోది, ఆయిల్ చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె. కవర్ పోతే పోయింది, దాని పైనున్న చాంబర్‌కు దెబ్బ తగిలిందా అన్నదే అసలు ప్రశ్న. పార్కింగ్‌లో నేల మీద మరక లేదని రాశారు, అది మంచి మాట. అయినా రాత్రంతా నిలిపిన బండికి పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. వారం తర్వాత అలాగే ఇంకోసారి చూడండి. చుక్కలు కారకపోయినా చాంబర్‌కు సొట్ట పడిందేమో లిఫ్ట్ మీద చూడమనండి. రేకు చాంబర్ అయితే పగలదు, లోపలికి నొక్కుకుంటుంది. ఆ సొట్ట లోపల ఆయిల్ పీల్చే జాలీకి ఆనుకుంటే ఇంజిన్‌కు ఆయిల్ సరిగా అందదు. అల్యూమినియం చాంబర్ అయితే సన్నగా చిట్లుతుంది. డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే మాత్రం పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. ఇంటి దాకా లాక్కొద్దామనుకోవద్దు.

ఇప్పుడు మీ ఫొటోల దగ్గరికి వద్దాం. మీరు కవర్ కింది భాగం కడగకుండానే ఫొటోలు తీయడం చాలా మేలైంది. మూడో ఫొటోలో బిగించే రంధ్రాలు తొమ్మిదీ కనిపిస్తున్నాయి. నాలుగింట్లో క్లిప్పులున్నాయి, ఐదు ఖాళీ. ఆ ఐదింట్లో మూడు గుండ్రంగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. దెబ్బకు క్లిప్పు పీకేస్తే దాని మొండెం సగం పైన బాడీ రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. మీ ఫొటోలో ఆ మూడు చోట్లా పైన ఏమీ లేదు. ఇంకా ముఖ్యమైన గుర్తు మట్టి. క్లిప్పు తల ఆనుకున్న చోట ప్లాస్టిక్ నల్లగా, శుభ్రంగా ఉంటుంది, గోడ మీద పాత క్యాలెండర్ తీస్తే మిగిలే తెల్లటి చదరంలా. మీ మూడు రంధ్రాల చుట్టూ మట్టి అంచు దాకా పేరుకుని గట్టిపడి ఉంది. అంటే అక్కడ చాలా రోజులుగా క్లిప్పులే లేవు. మూడు నెలల కిందట సర్వీస్ చేయించామని రాశారు. ఆయిల్ మార్చాలంటే చాలా బండ్లకు ఈ కవర్ విప్పాలి. విప్పేటప్పుడు రెండు మూడు క్లిప్పులు విరగడం మామూలే. కొత్తవి వేయకుండా ఉన్నవాటితోనే బిగించి పంపడం కూడా గ్యారేజీల్లో తరచూ జరుగుతుంది.

మిగిలిన రెండు ఖాళీ రంధ్రాలు ముందు అంచున ఉన్నవి. అవి చినిగాయి. చినుగు ఎటు సాగిందో చూడండి. బండి ముందుకు పోతూ దేనికైనా కొట్టుకుంటే కవర్ వెనక్కి నెట్టుకుపోతుంది. క్లిప్పు కదలదు కాబట్టి రంధ్రం ముందు వైపుకు చినుగుతుంది, అంచు వెనక్కి మడత పడుతుంది. మీ కవర్‌లో చినుగు వెనక్కి సాగింది, అంచు ముందుకు వంగింది. ఇది హంప్ చేసే పని కాదు. కవర్‌ను ఏదో ముందుకు లాగింది. అలా లాగాలంటే బండి వెనక్కి వెళ్తుండాలి.

మీ ఉత్తరం రెండో పేజీలో దీనికి జవాబు దొరుకుతుంది. పార్కింగ్ స్థలంలో వెనక పిల్లర్ ఉండటం వల్ల మీ వారు రోజూ బండి ముక్కు లోపలికి పెట్టి, ముందు టైరు సిమెంటు దిమ్మకు తగిలేదాకా తెస్తారని రాశారు. అలా నిలిపితే దిమ్మ సరిగ్గా బంపరుకూ చక్రానికీ మధ్య, అంటే ఈ కవర్ కిందే ఉంటుంది. క్లిప్పులు లేక కవర్ నడుమ జారి ఉంది. పొద్దున్న రివర్స్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే బరువు ముందుకు వచ్చి ముక్కు కొద్దిగా దిగుతుంది. జారిన చోటును దిమ్మ ముందుకు లాగుతుంది. రోజూ కొంచెం, కొంచెం. ఫొటోలతోనే ఖాయంగా తేల్చలేం కానీ, దిమ్మ పై అంచున నల్లటి ప్లాస్టిక్ గీతలున్నాయేమో ఒకసారి టార్చి వేసి చూడండి. అవి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. పెళ్లి ప్రయాణంలో ఐదుగురి బరువుకు బండి దిగి, అప్పటికే సగం ఊడిన కవర్ ఆ హంప్ దగ్గర వేలాడింది. అంతే.

ఇది మీ వారిని ఎదురు తిట్టడానికి చెప్పడం లేదు. ఆయనకూ తెలియక జరిగిందే. ఆ ఫొటో, ఆ దిమ్మ ఇద్దరూ కలిసి చూడండి. కారణం ఇద్దరికీ తెలియకపోతే కొత్త కవర్ కూడా అక్కడే, అలాగే చినుగుతుంది. పిల్లర్ వల్ల రివర్స్ పార్కింగ్ కుదరకపోతే బంపరు దిమ్మకు అడుగు ముందే ఆగేలా పక్క గోడ మీద, డ్రైవర్ కంటికి కనిపించే ఎత్తులో, ఒక రంగు టేపు అంటించండి. అసోసియేషన్ ఒప్పుకుంటే సిమెంటు దిమ్మ తీయించి తక్కువ ఎత్తు రబ్బరు స్టాపర్ వేయించుకోవచ్చు.

కవర్ తీసి పారేయమన్న మెకానిక్ మాటకు వద్దాం. కవర్ లేకుండా నాలుగు రోజులు నడిపితే బండికి ఏమీ కాదు. వేలాడే కవర్‌తో నడపడం కంటే పూర్తిగా తీసేసి నడపడమే మేలు కూడా. ముందు అంచు వదులైతే హైవే మీద గాలి దాంట్లోకి దూరి, గరిటెలా కిందికి వంచి, రోడ్డుకు తాకించి, చివరికి చక్రం కిందికి లాగేస్తుంది. కానీ శాశ్వతంగా తీసేయడానికి నేను ఒప్పుకోను. కవర్ లేకపోతే టైర్లు చిమ్మే బురద నీరు నేరుగా బెల్టు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్ మీద పడుతుంది. తడిసిన బెల్టు కీచుమంటూ జారుతుంది, ఇసుక చేరితే అరుగుతుంది. వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు మొదలైతే నెలల తర్వాత ఏదో దీపం వెలుగుతుంది, కారణం ఎవరికీ దొరకదు. కొన్ని కార్లలో రేడియేటర్ గుండా గాలి సరైన దారిలో పోవడానికి కూడా ఈ కవరే ఆధారం. పాత బండ్లకు లేవన్నది నిజమే. ఆ బండ్ల ఇంజిన్ గదిలో ఇన్ని సెన్సార్లు కూడా లేవు. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు గట్టి వానలు పడే నెలలు, అండర్‌పాస్‌లలో నీళ్లు నిలిచే నెలలు. ఆలోపు కవర్ ఎక్కించండి.

స్టీల్ ప్లేటు సంగతి మరిది గారికి వివరంగా చెప్పాలి, ఆయన మీ మంచికే అంటున్నారు. 70 సెంటీమీటర్ల వెడల్పు, 80 పొడవు, 2 మిల్లీమీటర్ల మందం స్టీలు రేకు ఒక్కటే దాదాపు 8.8 కిలోలు తూగుతుంది. అంత బరువు ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. పైగా ప్లేటు వేలాడే అంగుళమో ఇంకొంచెమో నేలకున్న ఎత్తులోంచే పోతుంది, అంటే మీ బేస్‌మెంట్ ర్యాంపు దగ్గర ఇంకా ఎక్కువ గీరుకుంటుంది. ఆయిల్ విప్పే రంధ్రం, గాలి పోయే సందులు లేని ప్లేటు వేస్తే వేడి లోపలే ఉంటుంది, ప్రతి సర్వీసుకూ ప్లేటు మొత్తం దించాలి. కంపెనీ ఇవ్వని చోట బాడీకి రంధ్రాలు వేసి బిగిస్తే వారంటీకి చిక్కు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలగాల్సిన తీరు కూడా మారవచ్చు. వారం వారం రాళ్ల దారిలో పొలానికి వెళ్లే బండికైతే ప్లేటు వేయించమనే చెబుతాను. ఆఫీసుకీ బడికీ తిరిగే మీ హ్యాచ్‌బ్యాక్‌కు వద్దు.

మిగిలినవి రెండు దారులు: ఉన్నదాన్ని బాగుచేయడం, లేదా కొత్తది వేయడం.

మీ ఫొటోలను బట్టి బాగుచేయవచ్చు. కవర్ లోపలి వైపు మట్టి తుడిస్తే అచ్చుపోసిన గుర్తు కనిపిస్తుంది. రెండు బాణపు గుర్తుల మధ్య పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్. దీని మీద ఫెవిక్విక్, ఆరల్డైట్ ఏవీ నిలవవు. అంటినట్టే ఉండి పెచ్చులా ఊడతాయి. పగులు చివర 3 లేదా 4 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు అక్కడితో ఆగుతుంది. తర్వాత పగులుకు రెండు వైపులా 10 మిల్లీమీటర్లు వదిలి, 25 నుంచి 30 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున జత రంధ్రాలు వేసి, వెడల్పాటి నల్ల కేబుల్ టైలతో కుట్టాలి. ముడి పై వైపు ఉండాలి, కిందికి ఉంటే రాళ్లకు తెగుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే సన్నటి అల్యూమినియం పట్టీ వేసి, వెనక వాషర్లు పెట్టి, 4 మిల్లీమీటర్ల పాప్ రివెట్లు కొట్టాలి. మామూలు నైలాన్ టైలు ఎప్పుడూ తట్టుకునే వేడి దాదాపు 85 డిగ్రీలే. సైలెన్సర్ పైపు వైపు టైలు వద్దు, రివెట్లే వేయండి. గుర్తు లేకుండా, పట్టుకుంటే నొక్కిన దుప్పటిలా ఉంటే అది ఫెల్టు రకం. దానికి రెండు పెద్ద వాషర్ల మధ్య బిగించడమే దారి.

చినిగిన రెండు రంధ్రాలకు 6 మిల్లీమీటర్ల లోపలి రంధ్రం, 25 నుంచి 30 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న పెద్ద వాషర్లు కావాలి. రంధ్రానికి పైనా కిందా ఒక్కోటి. కవర్‌లో కొన్ని రంధ్రాలు కోలగా ఉంటే వాటిని చినుగు అనుకుని మూయకండి. వేడికి ప్లాస్టిక్ సాగడానికి కంపెనీయే అలా వదిలింది. అందుకే బోల్టు ఉన్న చోట పది నంబరు పానాతో బలమంతా పెట్టి బిగించకూడదు. కవర్ ఆనుకున్నాక పావు తిప్పు చాలు.

క్లిప్పులు బెంగళూరు జె.సి. రోడ్డు విడిభాగాల దుకాణాల్లో ఏ మోడల్‌కైనా దొరుకుతాయి. ఊరికే మోడల్ పేరు చెప్పి తేవద్దు. మిగిలిన క్లిప్పు ఒకటి విప్పి చేతిలో పట్టుకెళ్లండి. బాడీ రంధ్రం 7 మిల్లీమీటర్లదైతే 8ది దూరదు, 6ది వేస్తే నెలలో రాలుతుంది. కవర్‌కు కావలసినవి ఐదు, పదిహేను కొనండి. మిగతావి డ్యాష్‌బోర్డు పెట్టెలో వేసుకోండి, వచ్చే సర్వీసుకు పనికొస్తాయి. విప్పేటప్పుడు నడుమ పిన్నును ముందు పైకి లేపాలి, ఆ తర్వాతే మొండెం లాగాలి. కొన్ని రకాల్లో పిన్నును లోపలికి నొక్కాలి. చూడకుండా కటింగ్ ప్లేయర్‌తో పీకడం వల్లే అన్నీ విరుగుతాయి.

ఇంట్లో ఎవరైనా చేస్తామంటే ఒకే షరతు: డిక్కీలో వచ్చిన జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందికి తల పెట్టకూడదు. చదునైన నేల, రెండు జాక్ స్టాండ్లు, వెనక చక్రాలకు అడ్డు, చల్లబడిన సైలెన్సర్, ఇవి లేకపోతే వద్దు. వీల్ అలైన్‌మెంట్ షాపులో లిఫ్టు ఉంటుంది, కొంచెం డబ్బిస్తే పది నిమిషాలు ఎత్తి పెడతారు. నాకైతే అదే మేలనిపిస్తుంది.

కొత్తది వేయించాలనుకుంటే 15,200 ఎస్టిమేట్‌లో మీకు కావలసినవి ఇంజిన్ కవర్, క్లిప్పులు మాత్రమే. బండి అడుగున పక్క కవర్లకు మీ ఫొటోలో గీతలు తప్ప పగులు లేదు, అవి అక్కర్లేదు. చక్రం పైనున్న లైనింగ్ విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. కింది క్లిప్పు ఊడి అది టైరుకు రాసుకుంటోంది, ఐదో ఫొటోలో అరిగిన మెరుపు కనిపిస్తోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు దాన్ని పట్టి లాగితే, వెనకే పోయే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సార్ వైరు తెగుతుంది. ఒక క్లిప్పు, ఒక వాషర్‌తో పోయే పని ఇప్పుడు. విడిభాగం కొనేటప్పుడు 17 అక్షరాల చాసిస్ నంబరు ఇచ్చి పార్టు నంబరు రాయించుకోండి. ఒకే మోడల్‌లో పెట్రోల్, డీజిల్ కవర్లు తరచూ వేరువేరుగా ఉంటాయి. బయటి తయారీది చవక, కానీ పలచన. రంధ్రాలు కలుస్తున్నాయో లేదో పాతదాని మీద పెట్టి చూసి కొనండి.

ఇన్సూరెన్స్ లెక్క కాగితం మీద వేస్తే సంగతి తేలుతుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. మొత్తం ఎస్టిమేట్ పెట్టినా 13,400 భాగాలకు 6,700, కూలి 1,800, కలిపి 8,500. 1500 సీసీ లోపు కార్లకు తప్పనిసరి కోత 1,000. చేతికి 7,500. ఇప్పుడు రెండో వైపు చూడండి. నాలుగేళ్లు క్లెయిమ్ లేక మీ నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 45 శాతం ఉంది, వచ్చే రెన్యూవల్‌కు 50 అవుతుంది. క్లెయిమ్ చేస్తే సున్నా. ఓన్ డ్యామేజీ ప్రీమియం (మీ బండి నష్టానికి కట్టేది) డిస్కౌంటుకు ముందు 9,000 అనుకుంటే, మొదటి ఏడు 4,500 పోతుంది. రెండో ఏడు 50కి బదులు 20 శాతమే కాబట్టి 2,700, మూడో ఏడు 25 శాతం కాబట్టి 2,250. మూడేళ్లలో 9,450 పోగొట్టుకుని 7,500 తెచ్చుకున్నట్టు. తరుగు కోయని జీరో డెప్ పాలసీ ఉంటే చేతికి 14,200 దాకా రావచ్చు, అప్పుడు లెక్క తిరగబడుతుంది. కానీ మీకు అవసరమైన భాగాలు అంత ఖరీదు లేవు. చాంబర్ చిట్లిందని తేలితే మాత్రం విషయం వేరు, బండి నడపకుండా ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. ఆయిల్ కారుతుండగా నడిపి ఇంజిన్ పట్టేస్తే ఆ నష్టం మామూలు పాలసీలో రాదు.

నన్నడిగితే, ముందు వాషర్లు, క్లిప్పులతో బాగుచేయించి ఈ వానలు గడపండి. నిలిస్తే సరే, లేదంటే కవర్ ఒక్కటే కొనండి. ఈసారి సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డులో "అండర్ కవర్ క్లిప్పులు 9" అని రాయించి, తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోండి.

హంప్‌ల భయం గురించి రాశారు కదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన వీధుల్లో ఎత్తు అంతకు మించి, వెడల్పు అందులో పావు కూడా లేనివి ఎన్నో, ఆ తప్పు మీది కాదు. బ్రేకు తొక్కి ఉంచితే ముక్కు కిందికి దిగుతుంది. కాబట్టి హంప్‌కు ముందే వేగం తగ్గించి, టైరు ఎక్కే క్షణానికి బ్రేకు వదిలేయండి. ముక్కు పైకి లేస్తుంది, కవర్‌కు రెండు మూడు వేళ్ల ఖాళీ దొరుకుతుంది. దిగేటప్పుడూ అంతే. బరువుతో ఉన్నప్పుడు నిటారు హంప్‌ను, వెనకా ముందూ ఎవరూ లేకపోతే, కొంచెం ఏటవాలుగా ఎక్కించండి. కవర్ బిగించిన మర్నాడు మీరొక్కరే పొద్దున్నే బండి తీయండి. మీ వీధి హంప్ రెండు సార్లు అలా ఎక్కించి దించి చూడండి. తిరిగి వచ్చాక టార్చి వేసి, తొమ్మిది క్లిప్పులూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.